ఫైబర్ బానెట్: పిన్నులు కొనేముందు చూసుకోవాల్సినవి

ఫైబర్ బానెట్ (గాజు పోగులను రెజిన్ అనే చిక్కటి ద్రవంతో గట్టిపరచి చేసినది) గాలికి లేచి అద్దం మీద పడిందంటే అందరూ ముందు దాన్ని బాడీకి బిగించే పిన్నులనే తిడతారు. ఊడిన బానెట్‌ను తిరగేసి చూస్తే చాలాసార్లు పిన్ను నిక్షేపంగా ఉంటుంది. చిరిగింది దాని చుట్టూ ఉన్న ఫైబర్. లేదంటే కీళ్ల బోల్టులు పొరల్లోంచి ఊడొచ్చి ఉంటాయి. గాలి పైకి లాగే బలం పై చర్మం (బయటికి కనిపించే ఫైబర్ పొర) నుంచి లోపలి ఫ్రేములోకి, ఫ్రేము నుంచి బోల్టు కింది పలకలోకి, అక్కడి నుంచి కారు బాడీలోకి పోవాలి. ఈ దారి ఎక్కడ తెగితే బానెట్ అక్కడే ఊడుతుంది. కాబట్టి బిగింపు గురించిన ఆలోచన అచ్చు పని రోజునే మొదలవ్వాలి. బానెట్ తయారయ్యాక పిన్నులు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోవడం ఆలస్యమే.

అసలు ఫైబర్ బానెట్ చేసుకోవడమే దండగైన కార్లు కొన్ని ఉన్నాయి. మొదటి తరం మజ్దా మియాటా, హోండా ఎస్2000 లాంటివాటికి కంపెనీయే అల్యూమినియం బానెట్ ఇచ్చింది. వాటి స్థానంలో చేత్తో పరిచిన మ్యాట్ (గాజు పోగులను అడ్డదిడ్డంగా అతికించిన చాప) బానెట్ పెడితే బరువు తగ్గకపోగా పెరిగినా పెరుగుతుంది. ఇనుప రేకు బానెట్ ఉన్న డాట్సన్ 240జెడ్, 1967–69 కమారో లాంటి పాత కార్లకే ఈ శ్రమ గిట్టుబాటు.

బరువు లెక్క కూడా ముందే చూసుకోవాలి. 0.7 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకు దాదాపు 5.5 కేజీలు తూగుతుంది. 2.5 మి.మీ. మందం ఉన్న మ్యాట్ ఫైబర్ సుమారు 3.6 కేజీలు. ఆ మందంలో ఫైబర్ చర్మం వంగకుండా నిలబడే బలం ఇనుప రేకు కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువే. మందం తగ్గిస్తే మాత్రం ఆ బలం ఘనం లెక్కన పడిపోతుంది: 2.5 మి.మీ. బదులు 1.5 మి.మీ. వేస్తే మిగిలేది ఐదో వంతు. దుకాణాల్లో "రేస్ వెయిట్" అని అమ్మే పలచటి బానెట్లు హైవే మీద రేకు డబ్బాలా కొట్టుకోవడానికి కారణం ఇదే. చదరపు మీటరున్నర బానెట్‌కు ఫ్రేముతో కలిపి 9–10 కేజీలు వస్తే మంచి పని కింద లెక్క. ఆ సైజు ఇనుప బానెట్ సుమారు 15–20 కేజీలు ఉంటుంది. మిగిలే ఐదారు నుంచి పది కేజీలు కారు ముందు భాగంలో, ఎత్తులో ఉన్నవి కనుక విలువైనవే. అంతకంటే గొప్ప అద్భుతం ఆశించొద్దు.

అచ్చు

కారుకున్న ఇనుప బానెట్టే మూల నమూనా. దాన్ని విప్పి నేల మీద పడేసి అచ్చు తీయకండి. కీళ్ల మీద, రబ్బరు బుడిపెల మీద కూర్చున్నప్పుడు ఉన్న ఆకారం వేరు, విప్పాక ఉండే ఆకారం వేరు. మూలలు రెండు మూడు మి.మీ. వాలిపోతాయి. కారు మీదే ఉంచి చేయడం నయం. విప్పక తప్పకపోతే కారు మీద ఉన్నప్పుడే మూలల ఎత్తులు కొలిచి, అవే ఎత్తుల్లో స్టాండు మీద ఆనించాలి.

సొట్టలు పుట్టీతో నింపి, టూకే (రెండు భాగాలు కలిపి వాడే) ప్రైమర్ కొట్టి, వాటర్ పేపర్ 400, 600, 800, 1200 వరుసలో రుద్ది పాలిష్ పెట్టండి. నమూనా మీద కనిపించే ప్రతి గీతా అచ్చులోకి, అక్కడి నుంచి ప్రతి బానెట్‌లోకి వస్తుంది. బానెట్ అంచు కిందికి తిరిగే చోట ఆ మడత లోపలి వైపుకు వంగి ఉంటే అచ్చు ఒకే ముక్కగా ఊడిరాదు. అలాంటి అంచుకు విడి ముక్క చేసి బోల్టులతో కలపాలి. చుట్టూ 75–100 మి.మీ. వెడల్పు ఫ్లాంజి (బయటికి చాచిన అంచు) రావాలి, దానికి లామినేట్ చెక్క సరిపోతుంది. సందులన్నీ మోడలింగ్ క్లేతో పూడ్చండి. వాషర్ నాజిల్ రంధ్రాలు మరిచిపోతుంటారు. జెల్ కోట్ (మ్యాట్ కంటే ముందు పూసే చిక్కటి రెజిన్ పూత) వాటిలోకి దిగి తాళం పడుతుంది.

కొత్త నమూనాకు కార్నౌబా మైనం ఐదారు పూతలు కావాలి. పూతకూ పూతకూ మధ్య గంట ఆగి మెరుగు పెట్టాలి, చివరి పూత తర్వాత రాత్రంతా వదిలేయాలి. దాని మీద పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) పలచగా రెండు మూడు సార్లు స్ప్రే చేస్తే మొదటి అచ్చు పట్టేసుకుంటుందన్న భయం ఉండదు. పీవీఏ నీటిలో కరిగే పదార్థం, వానాకాలంలో ఆరడానికి సతాయిస్తుంది. తడిగా ఉండగా జెల్ కోట్ పడితే ముడతలే. సిలికాన్ ఉన్న కార్ పాలిష్‌ను ఆ గదిలోకి కూడా రానివ్వకండి, జెల్ కోట్‌లో చేప కళ్లు (గుండ్రటి చిన్న గుంటలు) లేస్తాయి.

టూలింగ్ జెల్ కోట్ (అచ్చులకు వాడే గట్టి రకం) రెండు పూతల్లో మొత్తం 0.8–1 మి.మీ. ఉండాలి. మొదటిది వేలికి అంటుకున్నట్టు అనిపించి, వేలికి రంగు రాని దశలో రెండోది వేయాలి. తర్వాత ఒక పొర 300 గ్రాముల (చదరపు మీటరుకు) మ్యాట్ పరిచి, బుడగలన్నీ రోలర్‌తో తీసి ఆ రాత్రికి ఆపేయండి. మర్నాటి నుంచి రోజుకు రెండు పొరల చొప్పున 450 గ్రాముల మ్యాట్ ఐదు పొరలు. అన్నీ ఒకేసారి వేస్తే రెజిన్ గట్టిపడే వేడికి అచ్చు కుంచించుకుపోయి మెలిక పడుతుంది; తర్వాత ఎంత బిగించినా ఆ బానెట్ ఫెండర్‌తో కలవదు. ఫ్లాంజితో కలిపి 1.8 చదరపు మీటర్ల అచ్చుకు జెల్ కోట్ 2 కేజీలు, మ్యాట్ 4.6 కేజీలు, రెజిన్ పదిన్నర కేజీలు పడుతుంది. వృథాకు ఇంకో పది శాతం కలుపుకోండి. పొరలన్నీ గట్టిపడ్డాకే వెనక ప్లైవుడ్ లేదా ఇనుప గొట్టాల చట్రం అతకాలి, మధ్యలో పలచటి ఫోమ్ పెట్టాలి. నేరుగా అతికితే ఆ గీతలు అచ్చు ముఖం మీద తేలతాయి. వారం రోజులు కదపకుండా ఉంచి అప్పుడు విడదీయండి.

రెజిన్, హార్డ్‌నర్

అమెరికాలో కొనే పాలిస్టర్ రెజిన్‌లో కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగిరపరిచే ద్రవం) ముందే కలిపి ఉంటుంది. మన ఊళ్లలోని ఫైబర్ దుకాణాల్లో చాలాచోట్ల రెజిన్, కోబాల్ట్, హార్డ్‌నర్ మూడూ విడివిడిగా ఇస్తారు. కోబాల్ట్‌నూ హార్డ్‌నర్‌నూ నేరుగా కలిపితే మంటో, పేలుడో ఖాయం. ముందు కోబాల్ట్ రెజిన్‌లో వేసి పూర్తిగా కలపాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్. రెండింటికీ ఒకే కొలత గ్లాసు, ఒకే పుల్ల వాడొద్దు. సీసాలు పక్కపక్కన కూడా పెట్టొద్దు.

హార్డ్‌నర్, అంటే ఎంఈకేపీ, 25 డిగ్రీల దగ్గర కేజీ రెజిన్‌కు 15 గ్రాములు. 35 దాటితే 10 గ్రాములకు తగ్గించండి, అంతకంటే కిందికి పోవద్దు. "ఎండగా ఉంది కదా, అర శాతం చాలు" అనుకుంటే రెజిన్ గట్టిపడినట్టే కనిపించి లోపల పచ్చిగా మిగులుతుంది, తర్వాత ఎన్ని రోజులు ఎండలో పెట్టినా కుదుటపడదు. మే నెలలో తెలంగాణలోనో, ఆగస్టులో టెక్సస్‌లోనో పనిచేసేవాళ్లు తెల్లవారుజామునే పరచడం మేలు. ఒకసారికి కేజీ మించి కలపకండి, కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పోసుకోండి. బకెట్లో వదిలేస్తే తనంతట తానే కాగి పొగలు కక్కుతుంది.

ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. రెజిన్‌లోంచి లేచే స్టైరీన్ ఆవిరిని గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఏ మాత్రం ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్నదే పెట్టుకోవాలి.

ఇంజిన్ వేడి సంగతి. మామూలు జీపీ (జనరల్ పర్పస్) రెజిన్ 60–70 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. నల్ల రంగు కారు ఎండలో నిలబడితే పైనుంచే ఆ వేడి వస్తుంది, టర్బో ఉంటే కింద నుంచి కూడా. ఐసోఫ్తాలిక్ లేదా వినైల్ ఎస్టర్ రెజిన్‌కు పెట్టే అదనపు డబ్బు ఇక్కడ దండగ కాదు. ఎపాక్సీ (మరో రకం రెజిన్) వాడదలిస్తే మ్యాట్ మాత్రం వద్దు. మామూలు మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే బైండర్ స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. మ్యాట్ వంపుల్లో ఒదగక, సరిగా తడవక తెల్లగా నిలబడిపోతుంది. ఎపాక్సీకి నేసిన గుడ్డే సరి.

చర్మం పరవడం

అచ్చుకు మైనం పట్టించాక బానెట్ జెల్ కోట్ 0.4–0.5 మి.మీ., అంటే చదరపు మీటరుకు దాదాపు 600 గ్రాములు. పలచబడితే లోపలి స్టైరీన్ దాన్ని తినేసి మొసలి చర్మంలా ముడుచుకుంటుంది. మందమైతే చిన్న దెబ్బకే సాలెగూడు పగుళ్లు. తర్వాత 300 గ్రాముల పొర ఒకటి, 450వి రెండు. చదరపు మీటరున్నరకు మ్యాట్ 1.8 కేజీలు, రెజిన్ 4.2 కేజీలు సరిపోవాలి. రెజిన్ అంతకంటే బాగా ఎక్కువ తాగిందంటే బలం పెరిగినట్టు కాదు, బరువూ పెళుసుదనమూ పెరిగినట్టు. మ్యాట్‌ను కత్తెరతో కాకుండా చేత్తో చించి అతుకులు 30–40 మి.మీ. మీదికి వేస్తే గీత కనబడదు. కిందికి తిరిగే అంచు లోపలి మూలలో మ్యాట్ ఒదగక గాలి గూడు మిగులుతుంది. పెయింటు ఓవెన్‌లో ఆ గూడు ఉబ్బి పగిలేదాకా ఎవరికీ తెలియదు. ఆ మూలలో ముందే తరిగిన ఫైబర్, రెజిన్ కలిపిన ముద్దను వేలితో పూసి గుండ్రం చేస్తే ఆ బాధ ఉండదు.

చర్మం గట్టిపడింది కదా అని అచ్చులోంచి తీయొద్దు. ఫ్రేము అచ్చులో ఉండగానే అతకాలి. బయట అతికిన ఫ్రేము ఏ వంకరలో అతికితే బానెట్ జీవితాంతం ఆ వంకరలోనే ఉంటుంది.

ఫ్రేము

చుట్టూ ఒక పట్టీ, మధ్యలో ఎక్స్ ఆకారంలో రెండు. మొత్తం పొడవు ఏడు మీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. 40 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. ఎత్తు పీయూ (పాలీయురథేన్) ఫోమ్ పట్టీలను పక్కలు ఏటవాలుగా కోసి, వాటి మీద 450 మ్యాట్ రెండు పొరలు వేస్తే టోపీ ఆకారపు దూలం తయారవుతుంది. థర్మోకోల్ మాత్రం వాడకండి, పాలిస్టర్ రెజిన్ తగలగానే కరిగి మాయమవుతుంది.

ఈ దూలాలను తడి చర్మం మీద నేరుగా వేస్తే త్వరగా అయిపోతుంది. కానీ దూలం రెజిన్ కుంచించుకున్నప్పుడు చర్మాన్ని లాగుతుంది, ఎండలో పక్కనుంచి చూస్తే బానెట్ మీద ఎక్స్ గుర్తు అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. అందుకే ఫ్రేమును విడిగా చేసుకోండి: చర్మం మీద పాలిథీన్ పరిచి, దాని మీద దూలాలు వేసి, గట్టిపడ్డాక ఊడదీసి, రెండు వైపులా 80 నంబరు పేపర్‌తో రుద్ది, మెథాక్రిలేట్ జిగురుతో అతకాలి. జిగురు 2–3 మి.మీ. మందం ఉండనివ్వాలి, బరువులు పెట్టి నొక్కి పలచన చేస్తే మళ్లీ గీతలు తేలతాయి. తర్వాత అచ్చుతో సహా 40 డిగ్రీల్లో 16 గంటలు ఉంచండి. ఎండాకాలమైతే టార్పాలిన్ గుడారం చాలు, లేకపోతే గదిలో హీటర్. ఈ పని ఎగ్గొట్టిన బానెట్లే మొదటి వేసవిలో మధ్యకు కుంగుతాయి.

ఒక జాగ్రత్త చాలామంది పట్టించుకోరు. గుద్దుకున్నప్పుడు మధ్యలో మడవడానికి ఇనుప బానెట్ లోపలి ఫ్రేములో కావాలనే బలహీనమైన చోట్లు పెడతారు. ఫైబర్ ఫ్రేమును ముందు నుంచి వెనక దాకా ఒకే బలంతో చేస్తే ఢీకొన్నప్పుడు అది మడవకుండా అద్దం వైపు దూసుకురావచ్చు. పొడవునా వెళ్లే దూలాల్లో బానెట్ మధ్య వరుసన ఎత్తును సగానికి తగ్గించి వదలండి.

కీళ్లు, పలకలు

బోల్టు పోయే చోట ఫోమ్ ఉండకూడదు. గట్టి ఫైబర్ 6–8 మి.మీ., దాని లోపల 3 మి.మీ. అల్యూమినియం లేదా 2 మి.మీ. ఇనుప పలక, కనీసం 50×80 మి.మీ. పలక మూలలు గుండ్రంగా రుద్ది, ఒళ్లంతా 6 మి.మీ. రంధ్రాలు కొట్టి, 80 పేపర్‌తో గరుకు చేసి, రెజిన్ పుట్టీలో కూర్చోబెట్టి, పైన మూడు పొరలు వేయాలి. ప్రతి పొరా కిందిదానికంటే 25 మి.మీ. బయటికి రావాలి. అన్నీ ఒకే గీత దగ్గర ఆగితే చిరుగు ఆ గీత వెంటే పోతుంది. నట్లను ఇనుప పలకకు ముందే వెల్డింగ్ చేయించి, మరల్లోకి రెజిన్ దిగకుండా గ్రీజు పూసిన బోల్టు బిగించి ఉంచండి.

బోల్టు బిగించే కొద్దీ ఫైబర్ నలుగుతుంది, కొన్ని వారాల్లో బిగువు పోతుంది. రంధ్రంలో ఇనుప బుష్ పెడితే ఒత్తిడి బుష్ మోస్తుంది. దాని పొడవు ఫైబర్ మందం కంటే 0.1–0.2 మి.మీ. తక్కువ ఉండాలి.

కమారో లాంటి కార్లలో కీళ్లకు ఉండే పెద్ద స్ప్రింగులు ఇనుప బానెట్ బరువుకు లెక్కగట్టినవి. వాటిని అలాగే ఉంచి ఫైబర్ బానెట్ మూయబోతే వెనక మూలలు పైకి తన్ని, కీలు ముందు చర్మం అడ్డంగా పగులుతుంది. స్ప్రింగులు తీసేసి ఊతకర్ర పెట్టుకోండి, లేదా తేలిక స్ప్రింగులు వేయండి. గ్యాస్ స్ట్రట్‌లున్న కార్లకూ ఇదే సూత్రం.

పిన్నులు

గాలి ఎంత లాగుతుంది? బానెట్ పైనా కిందా ఒత్తిడి తేడా కారును బట్టి మారుతుంది. గాలి వేగపు ఒత్తిడిలో సగం అని గట్టిగా పట్టుకుంటే, చదరపు మీటరున్నర బానెట్ మీద గంటకు 100 కి.మీ. దగ్గర సుమారు 35 కేజీలు, 160 దగ్గర 90, 200 దగ్గర 140. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. బరువు నాలుగు చోట్లా సమంగా పడదు, ఊపు వేరే. అందుకని ప్రతి బిగింపూ తన వాటాకు మూడింతలు తట్టుకునేలా చూసుకోండి.

వెనక కీలున్న రోడ్డు కారుకు అసలు లాచి, రెండో కొక్కెం తీయొద్దు. వాటికి అదనంగా ముందు మూలల్లో రెండు పిన్నులు. పూర్తిగా ఎత్తి పక్కన పెట్టే బానెట్‌కు కనీసం నాలుగు, వెడల్పైనదానికి ఆరు. 240జెడ్ లాగా ముందు అంచున కీలుంటే గాలి బానెట్‌ను తెరిచి అద్దం మీద వేయలేదు, వాటిలో కొట్టుకునేది వెనక మూలలు. పిన్నులు అక్కడికి వెళ్లాలి. అంచు నుంచి 100–150 మి.మీ. లోపల, ఫ్రేము దూలం మీదే రావాలి. కింద రేడియేటర్ సపోర్టు లాంటి గట్టి చోట నాటాలి, పలచటి ఫెండర్ రేకులో కాదు.

పిన్నును కింద రెండు నట్లతో నిలబెట్టి, మొనకు కొంచెం గ్రీజు అద్ది, బానెట్‌ను నెమ్మదిగా ఆనించండి. గుర్తు పడ్డచోట ముందు 3 మి.మీ. రంధ్రం. మూసి చూసి సరిగా వచ్చిందనుకున్నాకే పెద్దది చేయండి. జెల్ కోట్ వైపు టేపు అంటించి, హోల్ సాను మొదట వెనక్కి తిప్పి గాటు పెడితే అంచు పెచ్చులూడదు. రంధ్రం పిన్ను కంటే 2–3 మి.మీ. పెద్దదిగా ఉండాలి. కోసిన అంచుకు రెజిన్ పూయడం మానొద్దు, తెరుచుకున్న పోగులు నీళ్లు పీల్చి పొరలు విడిపోతాయి. రంధ్రం చుట్టూ వచ్చే పై ప్లేటును పాప్ రివెట్లతో కొట్టొద్దు, రివెట్ ఉబ్బినప్పుడు ఫైబర్ చిట్లుతుంది. ఎం4 స్క్రూలు, వెనక వెడల్పు వాషర్లు, నైలాన్ నట్లు వాడండి.

ఎత్తు సర్దడంలోనే పనితనం. పిన్ను మొనలోని రంధ్రంలో క్లిప్ పెట్టాక దానికీ ప్లేటుకూ మధ్య మిల్లీమీటరు మించి ఆట ఉండకూడదు. నాలుగు మూలల రబ్బరు బుడిపెలను పైకి తిప్పుకుంటూ వచ్చి, క్లిప్ పెట్టడానికి అరచేత్తో కొంచెం నొక్కాల్సి వచ్చేదాకా తేవాలి. ఆట మిగిలితే బానెట్ టకటకలాడుతూ క్లిప్ రంధ్రాన్ని నెలల్లో కోలగా అరగదీస్తుంది. క్లిప్‌కు కట్టే తీగ అంగుళం పొడవెక్కువైనా రంగంతా గీకిపారేస్తుంది.

ఏరోక్యాచ్ లాంటి లోపలికి ఒదిగే లాచిలు చూడ్డానికి బాగుంటాయి, ఊడి పోగొట్టుకునే క్లిప్ కూడా ఉండదు. కానీ వాటికి బానెట్‌లో పెద్ద కోత పెట్టాలి, ఆ కోత చుట్టూ చర్మం కనీసం 4–5 మి.మీ. ఉండాలి. పలచటి బానెట్‌లో వాటికంటే మామూలు పిన్నే నయం. పావు తిప్పుడు డ్జూస్ బిగింపులు అంచుల వెంట వరుసగా వేసే రేసు ప్యానెళ్లకు సరే, రోడ్డు బానెట్‌ను వాటి మీదే వదిలేయడం నాకు సమ్మతం కాదు.

వెనక అంచును వాషర్లతో ఎత్తి "వేడి బయటికి పోతుంది" అనుకునే అలవాటు ఒకటి ఉంది. అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. కారు వేగమందుకున్నాక ఆ సందులోంచి గాలి లోపలికే వస్తుంది, బానెట్‌ను కింద నుంచి ఇంకా నెడుతుంది. వేడి పోవాలంటే రేడియేటర్ వెనక, బానెట్ ముందు మూడో వంతులో వెంట్లు కొట్టాలి. ఆ కోత అంచులకూ ఫ్రేము కావాలి.

రోడ్డెక్కే ముందు రూపాయి బిళ్లతో ఫ్రేము వెంట తట్టుకుంటూ రండి, మొద్దు చప్పుడు వచ్చిన చోట జిగురు పట్టలేదు. అంచుల దగ్గర ఊలు దారం ముక్కలు టేపుతో అంటించి, పక్కన కూర్చున్నవాళ్లను చూడమని 80, 100, 120 దగ్గర నిలకడగా నడపండి. చర్మం వణుకుతుంటే అక్కడ దూలం చాలలేదని అర్థం, ఇంకో పిన్ను దాన్ని ఆపదు. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత కీళ్ల బోల్టులు మళ్లీ బిగించండి, బుష్‌ల చుట్టూ జెల్ కోట్‌లో వెంట్రుక పగుళ్లు వచ్చాయేమో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. పగులు బోల్టు చుట్టూ గుండ్రంగా ఉంటే బిగింపు ఎక్కువైనట్టు. బోల్టు నుంచి బయటికి కిరణాల్లా పోతుంటే పలక చిన్నదైనట్టు; బానెట్ విప్పి, అక్కడి పొరలు గ్రైండర్‌తో తీసి, పెద్ద పలక పెట్టాల్సిందే.